నలభై రెండు దగ్గర కరిగేది

చుట్టుగుంటలో మా ల్యాబు రెండో అంతస్తు.
కిటికీ తీస్తే మిర్చి ఘాటు,
మూస్తే ద్రావకాల వాసన.
పదకొండేళ్లుగా ఈ రెంటి మధ్యే
నా దగ్గూ, నా జీతమూ.

ఫ్రిజ్‌లో వేలెడు సీసా ఒకటుంది.
అడుగున తెల్లటి పలుకులు, చిటికెడు.
క్లోర్‌పైరిఫాస్, కల్తీ లేనిది.
కాయలో ఎంతుందో తేల్చడానికి
పక్కన పెట్టుకునే తూకపు రాయి.

నీళ్లంటే గిట్టదు దానికి.
బిందె నిండా పోసినా
నాలుగు పలుకులు కరిగితే ఎక్కువ.
అసిటోన్ చూసిందా, అడక్కుండానే ఒదిగిపోతుంది.
నలభై రెండు డిగ్రీలకు కరుగుతుంది.
అంటే మా ఊళ్లో
ఏ కొలిమీ అక్కర్లేదు,
ఏప్రిల్ ఆఖర్లో కరెంటు పోయిన మధ్యాహ్నం చాలు.
ఒకసారి చూశాను: పలుకుల్లేవు, నూనెబొట్టు.
నా మెడ మీదా ఒకటి జారుతోంది.

ఫిరంగిపురం నించి యోహాను వచ్చాడు,
అరకిలో తేజ కాయ గుడ్డసంచిలో మూటగట్టుకుని.
కొనేవాళ్లు కాగితం అడిగారట.
యంత్రం తన పని తాను చేసుకుంటుంటే
కూచోలేక, నిలబడలేక, అడిగాడు:
"ఇంతకీ అదెట్టుంటదమ్మా, లోపల?"

బొమ్మ గీయబోయి ఆగాను.
కిటికీలోంచి కిందికి చూపించాను.
గోతాల నీడలో ఆరుగురు ఆడవాళ్లు
గుండ్రంగా కూచుని ముచికలు తీస్తున్నారు.
"అదిగో, అట్టాగే.
ఐదుగురు ఒకే ఊరోళ్లనుకో, కర్బనం.
ఆ పచ్చ చీర మనిషి వేరే ఊరామె, నత్రజని.
ముగ్గురికి ముక్కుపుడకలు, అవి క్లోరిన్.
పచ్చ చీరకి సరిగ్గా ఎదుటున్నామెది బోసిముక్కు.
పచ్చ చీర పక్కనే, పుడక లేనామె
చెయ్యి బయటికి చాపింది చూడు,
ఆ చేతిలో భాస్వరం,
దాని గుప్పిట్లో గంధకం."

"మరి ముగ్గురి ముక్కుపుడకలకే
పురుగు చస్తదా?"
నవ్వాడు. నేను నవ్వలేదు.
"పుడకలతో కాదు, ఆ చేత్తో.
ఒంట్లోకి పోయాక
గుప్పిట్లో గంధకాన్ని విడిచి
ప్రాణవాయువుని అందుకుంటుంది.
అసలు విషమయ్యేది అప్పుడు.
నరానికి నరం చెప్పిన మాట
చెరగకుండా మోగుతూనే ఉంటుంది.
పురుక్కైనా, ఎవరికైనా."

ఆ 'ఎవరికైనా' దగ్గర
మొదటిసారి అతని కళ్లు చూశాను.
మసకగది. ట్యూబులైటు వెలగలేదు.
చీకట్లో విచ్చుకోవలసిన కంటిపాపలు
రెండూ ఆవగింజలు.
చొక్కా చంకల దగ్గరే కాదు, అంతా తడి.
మాటిమాటికీ ఉమ్ము మింగుతున్నాడు.

"మందెప్పుడు కొట్టావు?"
"నిన్న మాపు, మూడో కాపుకి. తామర పురుగు వదల్లేదమ్మా.
గాలి ఎదురుదిరిగింది.
ట్యాంకు మూత కారతా ఉంది, వీపంతా తడిసింది.
తలనొప్పేలే, ఎండదెబ్బ."

యంత్రం అప్పుడే కాగితం మీద
నిటారుగా ఒక గుట్ట గీసింది.
దాన్ని చూడకుండానే ఆటో పిలిచాను.

పెద్దాసుపత్రిలో చొక్కా విప్పించారు,
సబ్బుతో వీపు కడిగారు, అట్రోపిన్ ఎక్కించారు.
ఆవగింజ కాస్తా మినపగింజైందని
నర్సు టార్చి వేసి చూసి చెప్పేదాకా
గుడ్డసంచి నా ఒళ్లోనే ఉంది.

మర్నాడు రిపోర్టు రాశాను.
నమూనా: ఎండుమిర్చి. రకం: తేజ. బరువు: అరకిలో.
అంకె, గీతకి పైనే.
తెచ్చిన మనిషికి ఆ ఫారంలో గడి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను,
'రైతు: కంటిపాపలు ఆవగింజంత.'
మా సారు రబ్బరుతో చెరిపాడు,
అంత గట్టిగా ఏం చెరపలేదు.

నాలుగో రోజు ఫోను.
"నోరంతా ఎండిపోతా ఉందమ్మా" అన్నాడు.
"అది విరుగుడు, తగ్గుద్దిలే" అన్నాను.
కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
యార్డులో వేలం కేకలు ఫోన్లోకి వెళ్తున్నట్టున్నాయి.

"సరేగానీ,
నా కాయ పాసైందా?"